పులిచింతాకు పెద్దమ్మ

శుక్రవారం మధ్యాహ్నం నా గదిలో అన్నం తింటుంటే ఫోన్‌కి వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. తెలియని నెంబరు, ఇండియాది. మగ గొంతు, కడప వైపు యాస.

"అన్నా, మా యక్క పోయింది. మొన్న తెల్లారుజామున. ఆమె ఫోన్లో నీ నెంబరు 'తోట అబ్బి' అని ఉండాది. నువ్వు ఎవురో ఏమో నాకు తెలీదు. అందరికీ చెప్తాండా కదా, నీకూ చెప్పల్లనిపిచ్చింది."

ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. పోయిందన్న మాట ఒక్కసారికే అర్థమైంది. వినాలనిపించింది ఆ రెండో మాట, 'ఎవురో ఏమో తెలీదు' అన్నది. అంటే నా గురించి ఆమె ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. చెప్పి ఉంటే ఆ తమ్ముడు నాకు కబురు పెట్టేవాడో లేదో.

సౌదీలోని తబూక్‌లో ఒక పెద్ద ఇంట్లో నేను తోటపని చేస్తాను. కారు కడగడం, నీళ్ల మోటారు చూసుకోవడం, బజారు పనులు కూడా నావే. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆమెది రాయచోటి వైపు. అదే ఇంట్లో వంటా, ఇంటిపనీ చేసేది. పేరు రాయడం లేదు. ఆమె గురించి చెప్పుకునే హక్కే నాకు అంతంతమాత్రం, పేరు కూడా వాడుకుంటే బాగుండదు.

ఒకే ఇంట్లో ఉన్నా మేం ఎదురుపడేది తక్కువ. నా గది గేటు పక్కన. ఆమె లోపల. నేను లోపలికి పోకూడదు, నేను తోటలో ఉన్నప్పుడు ఆమె బయటికి రాకూడదు. వంటింటి వెనక తలుపుకు ఇనుప జాలీ ఉంది, దాని కింద పళ్లెం పట్టేంత సందు. నాకు అన్నం ఆ సందులోంచి వచ్చేది. కాబట్టి ఆమె అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు నాకు ఒక చెయ్యి, ఒక గొంతు. చేతికి ఎప్పుడూ పిండో, సబ్బు నురగో అంటుకుని ఉండేది. గొంతు మాత్రం ఆ జాలీకి లొంగేది కాదు.

"ఏమబ్బీ, బజారుకు పోయినావే, ఏం జూసినావు?"

పళ్లెం ఇచ్చే ముందు ఈ ప్రశ్న తప్పదు. తబూక్‌కి వచ్చిన రోజున విమానం దిగి కారులో ఈ ఇంటికి రావడమే ఆమె చూసిన తబూక్. అప్పటికే చీకటి పడిందట. ఊరు ఎలా ఉంటుందో తెలియదు. "ఏముంటదక్కా, గవే దుకాండ్లు, గవే కార్లు" అనేవాణ్ని. పళ్లెం వదిలేది కాదు. సందులోంచి నేను లాగుతుంటే అవతలి నుంచి పట్టుకునే ఉండేది.

"ఒక్కటన్నా చెప్పు. ఊరికే వచ్చిందా ఈ కూడు?"

ఆకలి మీద ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఒంటె ఒకటి పికప్ బండిలో కూర్చుని పోతోందని, బండి ఆగితే డ్రైవర్ కంటే అదే ఎక్కువ విసుక్కుందని. ఒక్కోసారి అబద్ధాలు కల్పించేవాణ్ని. ఆమెకు తెలిసిపోయేది. "ఇది యాడా జరగలా. అయినా బాగుండాది" అని పళ్లెం వదిలేది. ఎక్కువ రోజులు మాత్రం ఏమీ చెప్పలేదు. చూసిందాంట్లోంచి ఒక ముక్క తెచ్చి ఇవ్వడానికి నాకు బద్ధకం. రోజూ ఊరంతా తిరిగొచ్చేవాణ్ని. నాకు అందులో విశేషం ఏమీ కనిపించేది కాదు.

ఆమె ముఖం నేను సరిగ్గా చూసింది గడ్డలు తవ్వే రోజుల్లోనే.

ఆ ఇంటి తోటలోకి ఆ గడ్డ ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నర్సరీ నుంచి తెచ్చిన నిమ్మ మొక్క వేళ్ల మట్టిలో వచ్చి ఉంటుందని నా అనుమానం. చలికాలం తొలి వానకు మొలుస్తుంది. చూడటానికి అచ్చం మన పులిచింతాకే. అవే మూడు రెక్కలు, అదే పులుపు. కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది. చలి వెనకబట్టేసరికి పొడుగు కాడల మీద నిమ్మపండు రంగు పూలు పూస్తుంది. ఆ పూలు చూస్తే పీకబుద్ధి కాదు. దాని అసలు సంసారమంతా మట్టి కింద. ఆకు పట్టి లాగితే కాడ తెగి చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. తవ్వితే తెల్ల దారంలాంటి వేరు, ఆ దారం పొడుగునా శనగగింజంతవీ, మిరియమంతవీ పిల్లగడ్డలు. ఒక్కటి జారినా వచ్చే ఏడు అక్కడ ఒక గుబురు. పుదీనాను తినేసింది, గులాబీల మొదళ్లు కప్పేసింది.

పూత రాకముందే తవ్వాలి. పూసిందంటే కింద పిల్లలు పెట్టేసినట్టే. తవ్విన మట్టిని జల్లెడ పట్టాలి. ఏరిన గడ్డల్ని ఎరువు గుంటలో వేస్తే అక్కడా మొలుస్తాయి. సిమెంటు మీద ఎండబెట్టి, సంచిలో మూటకట్టి బయట పారేయాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అందుకని ఏటా ఆ కొన్ని వారాలు ఆమెను నాకు సాయంగా తోటలోకి పంపేవాళ్లు. పంపేది మా కఫీల్ తల్లి. మేం ఆమెను మామా అంటాం. కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఎప్పుడూ పనిమీద ఊళ్లు తిరుగుతుంటాడు, ఇల్లు నడిపేది మామానే. తను శాలువా కప్పుకుని, కుర్చీ వేయించుకుని మా ఎదురుగా కూర్చునేది. పెద్దావిడ కూర్చుంది కనుక మగవాడూ ఆడమనిషీ ఒకే మడిలో పనిచేసినా మాట రాదు.

ఆమెకు ఏడాదిలో బయట గడిపే రోజులు అవే. మిగతా కాలమంతా మందపాటి తెరల వెనక, గుడ్డి అద్దాల వెనక. అంతకుముందు పనిచేసిన మనిషెవరో గేటు తెరిచి ఉండగా చూసి వెళ్లిపోయిందట. అప్పట్నుంచి ఆ ఇంట్లో పనిమనిషి ఎవరూ పిలవకుండా గడప దాటడం లేదు. దాటకూడదని ఎవరూ అనలేదు. అలా నడిచిపోతోంది అంతే.

మొదటి ఏడు ఆమె తోటలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కఫీల్ పాత సాక్సులు తొడుక్కుని, వాటిమీద హవాయి చెప్పులు వేసుకుని వచ్చింది. పార అందుకోలేదు. మడి గట్టుమీద కూర్చుని వీపు ఎండకు పెట్టింది. కళ్లు మూసుకుంది. తబూక్ చలి తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పొద్దున కుళాయి నీళ్లు చేతిని కొరుకుతాయి. రాయచోటి ఎండల్లో పెరిగిన ఒళ్లు అది. కాసేపటికి కళ్లు తెరిచి ఎదురుగా ఉన్న ఆకుల్ని చూసింది. ఒకటి తుంచి నమిలింది. ముఖమంతా మడతలు పడింది.

"అబ్బీ! ఇది పులిచింతాకు కాదూ?"

"గాదక్కా. గసొంటిదే గనీ గది గాదు."

"అయితే దానికి పెద్దమ్మ" అంది.

ఆ రోజునుంచి దాని పేరు పెద్దమ్మ. మధ్యాహ్నానికి పప్పులో పడింది. మామా అనుమానంగా ఒక చెంచా నోట్లో వేసుకుని, ఎడారిలో వానకు మొలిచే తమ పుల్లాకులాగే ఉందని ఇంకో చెంచా వేయించుకుంది. కొద్దిగానే తినమని మాత్రం హెచ్చరించింది.

పని చేసేటప్పుడు ఆమె ఒక్క తీరుగా కూర్చునేది కాదు. పొద్దు ఎటు జరిగితే వీపు అటు తిరిగేది. పొద్దున గులాబీల వైపు ముఖం పెట్టి మొదలుపెడితే సాయంత్రానికి గోడవైపు ఉండేది. నోరు ఊరుకునేది కాదు. గడ్డను తవ్వి, దారం పట్టుకుని పైకెత్తి, కింద వేలాడే పిల్లల్ని చూపించేది. "చూడు, ఎంత సంసారమో. ఇంతమందిని ఏసుకోని కిమ్మనకుండా ఎట్ల పడుకోనుండాదో చూడు." ముందు తను నవ్వి, ఆ తర్వాత మాట చెప్పేది. ఏం చెప్పబోతోందో మనకు తెలియకముందే మనమూ నవ్వేవాళ్లం.

మామాకు మా భాష రాదు, అయినా ఊరుకోదు. చేతికర్రతో మడి ఈ చివర నుంచి ఆ చివరకు చూపించి "కుల్లు, కుల్లు" అనేది. మొత్తం, అన్నీ తీసేయండి అని.

"కుల్లు అంటాది ముసిల్ది. దాని నడుం ఒంచితే తెలుస్తాది కుల్లంటే ఏమో."

"ఏమంటోంది?" అని మామా నన్ను అడిగేది అరబీలో.

"ఇన్ షా అల్లా అంటోంది మామా."

"ఇన్ షా అల్లా అనడానికి అంత నవ్వెందుకు?"

అలా అంటూనే మామా కూడా నవ్వేది. రెండో ఏటికి ఆవిడకు 'చాలు' అనే మాట వచ్చేసింది. టీ పోస్తుంటే "చాలు చాలు" అనేది. కడప యాసలో అనేది.

ఇక అసలు సంగతికి రావాలి. మామా నమాజుకు లోపలికి పోయినప్పుడు మేం పని ఆపి పక్కకు జరిగేవాళ్లం. ఆమె వంటింటి తలుపు దగ్గరికి, నేను గేటు దగ్గరికి. అలా ఒకసారి వెళ్లి తిరిగి చూస్తే ఆమె తలుపు దగ్గర లేదు. మడి చివర గొంతుక్కూర్చుని, బొటనవేలితో మట్టిలోకి ఏదో అదుముతోంది. దగ్గరికి పోయి చూశాను. ఏరిన పిల్లగడ్డలు. ఒక్కొక్కటే మళ్లీ లోపలికి నొక్కి, పైన మట్టి సర్దుతోంది.

"ఏం జేస్తున్నవక్కా? తీసిన గడ్డలు మల్ల పాతిపెడుతున్నవా?"

ఆమె తడబడలేదు. వేలు మట్టిలోంచి తీయలేదు.

"ఒక మూల ఇడిసిపెట్టల్ల కదబ్బీ. శెనక్కాయ చేండ్లల్లో మేం ఎప్పుడూ అంతే. గడ్డి అంతా ఒకే పొద్దు పీకేస్తే రేపు ఎవురు పిలుస్తారు కూలికి? గట్టు పక్కన రవ్వంత ఇడిసిపెట్టి వస్తాం. రెడ్డికీ తెలుసు. మాకూ తెలుసు."

నాకు ఆ సంగతి కొత్త కాదు. కానీ నేను దాన్ని అవతలి వైపు నుంచి ఎరుగుదును. మాకు కొద్దో గొప్పో పొలం ఉండేది. సాయంత్రం కూలోళ్లు లేచాక మా అమ్మ చేనంతా తిరిగి, గెట్టు పొంటి మిగిలిన గడ్డి చూపించి వాళ్లను తిట్టేది. దొంగపని అనేది. నేను ఆ తిట్లు వింటూ పెరిగాను. ఇప్పుడు సౌదీలో, నాది కాని తోటలో, నాది కాని మట్టి మీద నిలబడి నేనూ అదే గొంతుతో అన్నాను.

"గిది దొంగపని గాదా అక్కా? మామ జూస్తె ఎవలను తిడ్తది? నన్నే గదా?"

"తిడితే పడు. ఒక పూట తిట్టు. నాకు ఏడాదంతా ఆ జాలీ ఉండాది." ఈసారి ముందు నవ్వలేదు. "ఇది ల్యాకపోతే నన్ను బయటికి ఎవురు పిలుస్తారు చెప్పు? పూలు చూడనీకి పిలుస్తారా?"

ఆ ఏడు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మరుసటి ఏడు మడి చివర మళ్లీ గుబురుగా మొలిచింది. ఆమె బయటికి వచ్చింది, వీపు ఎండకు పెట్టింది, పప్పు వండింది. అంతా బాగానే జరిగింది, మామా ఒక్క మాట అనేవరకు. వచ్చిన చుట్టాల ముందు కర్రతో ఆ మూల చూపించి, "వీడు తోటమాలి అనుకుని పెట్టుకున్నాను. గడ్డిని పెంచుతున్నాడు" అంది. చుట్టాలు నవ్వారు. మామా కూడా సరదాకే అంది. నాకు మాత్రం, ఎవరో ఆడమనిషి బొటనవేలి పనికి నేను మాట పడాలా అనిపించింది. ఆ పూటకు ఆమె నాకు అక్క కాదు, ఎవరో ఆడమనిషి.

కఫీల్ చుట్టాల మజ్రా, అంటే వ్యవసాయ క్షేత్రం, ఊరి బయట ఉంది. అక్కడ పనిచేసే మా జిల్లా మనిషిని అడిగితే ఉపాయం చెప్పాడు. మండు వేసవిలో మడిని లోతుగా తవ్వి, బాగా తడిపి, గ్రీన్‌హౌస్ మీద కప్పే ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులకు గాలి చొరకుండా మట్టి తొక్కాలి. వేసవంతా అలాగే వదిలేస్తే కింద మట్టి ఉడుకుతుంది. గడ్డా గింజా ఏదీ మిగలదు. పాత పట్టా వాడే ఇచ్చాడు.

గులాబీలు తీసి కుండీల్లోకి మార్చి మడంతా పట్టా పరిచాను. అన్నం పళ్లెం ఇస్తూ ఆమె జాలీలోంచి చూసింది.

"ఏందబ్బీ, మడికి దుప్పటి కప్పినావు?"

"కింద ఉడుకుతదక్కా. గడ్డలన్ని సస్తయి."

పళ్లెం సందులో సగం దాకా వచ్చి ఆగింది.

"అన్నీనా?"

"అన్ని."

లోపల కుక్కర్ కూత పెట్టింది. ఆమె స్టవ్ దగ్గరికి పోలేదు.

"ఆ చివరన ఒక్క మూల ఇడిసిపెట్టబ్బీ. రవ్వంత. ఎవురికీ కనపడదు."

"గట్లెట్లక్కా? మల్ల మొత్తం పాకుతది. జేస్తె సక్కగ జెయ్యాలె."

పళ్లెం పూర్తిగా బయటికి వచ్చింది. చెయ్యి లోపలికి పోయింది. ఆ రోజు ఏం చూశావని అడగలేదు.

చక్కగానే చేశాను. పట్టా అంచుల మీద మట్టి తొక్కుతున్నంతసేపూ ఆమె మాట నా చెవుల్లో ఉంది. ఆ మూల దగ్గరికి వచ్చేసరికి కాలు కాసేపు ఆగింది కూడా. తర్వాత అక్కడ ఇంకాస్త గట్టిగా తొక్కాను.

చలికాలం వచ్చింది. తొలి వాన పడింది. మడి నల్లగా, నున్నగా ఉంది. గులాబీలు తిరిగి నాటాను, పుదీనా వేశాను. ఇంకేమీ మొలవలేదు. మామా కుర్చీ వేయించుకుని చూసి, "మా షా అల్లా" అని, చుట్టాలొచ్చినప్పుడు నన్ను ముఅల్లిమ్ అని చెప్పింది. పనిలో గట్టివాడు, నేర్పరి అని. ఆ మాట కోసం నేను తోటలో పని లేకపోయినా వాళ్లముందు అటూ ఇటూ తిరిగాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆమె కొన్నాళ్లు నమ్మలేదు. "లేచిందా అబ్బీ?" అని అడిగేది జాలీలోంచి. "లేదక్కా." "ఇంగా చలి ముదరలా. లేస్తాది." కొన్నాళ్లకు మళ్లీ, "ఆ చివర జూసినావా? గోడ పక్కన?" చూశానక్కా, ఏం లేదు. ఒకరోజు చెత్త బకెట్ పట్టుకుని తనే బయటికి వచ్చేసింది. నేను గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా వైపు చూడకుండా నేరుగా మడి చివరకు పోయి, వంగి, వేలితో మట్టి గీకింది. ఇంకొంచెం గీకింది. ఇంతలో లోపల్నుంచి మామా గొంతు వినిపించింది, ఎక్కడ ఉన్నావని. ఆమె లేచి చెయ్యి గౌనుకు తుడుచుకుంది.

"బాగా చేసినావబ్బీ" అంది. "మా చేండ్లల్లో కూడా ఎవురూ ఇంత బాగా చెయ్యలా."

వెటకారం లేదు. ఒక కూలిమనిషి ఇంకో కూలిమనిషి పని చూసి చెప్పిన మాట. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్నేమో.

ఆ చలికాలం ఆమె బయటికి రాలేదు. ఆ తర్వాతి చలికాలమూ రాలేదు. చేతి చర్మం తెల్లగా పాలిపోయి, మడతలు పడింది. గొంతు మాత్రం చివరిదాకా అలాగే ఉంది, అడిగే మాటలే తగ్గిపోయాయి. నేను ఇప్పుడు అడక్కపోయినా చెప్పేవాణ్ని. బజారులో ఇది చూశాను, అది చూశాను, దారిలో ఒకాయన గొర్రెను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు అని. "ఊఁ" అనేది. పళ్లెం వెంటనే వదిలేసేది.

మామాతో చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆమెను కాసేపు ఎండలో కూర్చోనివ్వండి అని, అంతే. అనుకున్న ప్రతిసారీ ఒక కారణం దొరికేది. ఇంట్లో పనిచేసే ఆడమనిషి గురించి తోటమాలి ఎందుకు అడుగుతున్నాడంటారు. లేనిపోని అనుమానం వస్తుంది. కఫీల్ దాకా పోతుంది. ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిస్తారు. నాకు ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. ఇవన్నీ జరగగలిగినవే. ఇలాంటివి జరిగిన ఇళ్లు నేను విన్నాను. కానీ నేను మామాను ఎరుగుదును కదా. 'చాలు' అనే మాట నేర్చుకున్న మనిషిని.

ఆమె ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఊరికి వెళ్లిపోయిన రోజు గేటు తీసి పట్టుకుంది నేనే. ఒంటినిండా నల్ల అబాయా కప్పుకుని పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. నేను పెట్టె అందుకోబోతే "ఉండనీలే" అంది. కారెక్కుతూ ఒక్కసారి తల పైకెత్తి ఆకాశం చూసింది. "పోతాండా అబ్బీ. పిల్లోళ్లు జాగ్రత్త" అంది.

ఊరికి పోయాక ఒకే ఒక్కసారి ఫోన్ చేసింది. గాలి చప్పుడులో మాట సరిగ్గా వినిపించలేదు.

"యాడున్నవక్కా? ఇనబడ్తలేదు."

"బయట, అబ్బీ. చేనులో ఉండా. మా తమ్ముడు లోపలికి పోయి మాట్లాడమంటాడు, సిగ్నలు బాగుంటాదని. నేను పోనంటాండా."

చాలాసేపు మాట్లాడింది. శెనక్కాయ ఎలా ఉందో, ఎండ ఎలా కాస్తోందో చెప్పింది. ఒంట్లో బాగుండటం లేదని, ఆసుపత్రికి తిరుగుతున్నామని కూడా ఆ మాటల మధ్యలోనే, వానెప్పుడొస్తుందో అన్నట్టు చెప్పింది. నేను 'అక్కా, ఆ మడి సంగతి' అని మొదలుపెట్టాను. గాలికి వినిపించలేదో, వినిపించనట్టు ఊరుకుందో, "ఇంగ ఉంటానబ్బీ, ఆడోళ్లు పిలుస్తాండారు" అని పెట్టేసింది. మళ్లీ చేసి చెప్పి ఉండవచ్చు. రేపు చేద్దామనుకున్నాను. ఆ రేపు శుక్రవారం మధ్యాహ్నం దాకా సాగింది.

నా వల్ల చనిపోయిందని అనను. జబ్బేదో వేరే. ఒక మడిలో గడ్డి చచ్చినంత మాత్రాన మనిషి చావదు. నేను తీసుకున్నది రెండు చలికాలాల ఎండ. దానికి శిక్ష వేసేవాళ్లు ఎవరూ లేరు. అడిగేవాళ్లు కూడా లేరు. తెలిసింది ఇద్దరికే, అందులో ఒకరు ఇప్పుడు లేరు.

ఇప్పుడు ఆమె స్థానంలో కెన్యా నుంచి వచ్చిన అమ్మాయి పనిచేస్తోంది. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. పళ్లెం వస్తుంది, చెయ్యి పోతుంది. మెసేజ్ విన్న మర్నాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మామా తోటలో ఒక్కతే కూర్చుని టీ తాగుతోంది. మోకాళ్లు బాగా పడిపోయాయి ఆవిడకు. దూరంగా నిలబడి, మామా, ఒక మాట అన్నాను.

చెప్పమంది.

రాత్రంతా కూడబలుక్కున్న అరబీ అంతా పోయింది. ముక్కలు ముక్కలుగా చెప్పాను. లోపలి అమ్మాయిని సాయంత్రం కాసేపు ఇక్కడ కూర్చోనివ్వండి. పనికి కాదు, ఊరికే, ఎండలో. ఆ టైములో నేను లోపల ఉండను, గేటు బయటికి పోతాను. ఇంక వచ్చే ప్రశ్నలకు సిద్ధంగా నిలబడ్డాను. ఆమె నీకేమవుతుంది, నీకెందుకు, ఆమె అడగమందా. జవాబులు కూడా తయారు చేసుకునే ఉన్నాను.

మామా టీ గ్లాసు కింద పెట్టింది.

"తయ్యిబ్" అంది. సరే అని. "నాకూ తోడుంటుంది. ఒక్కదాన్నే కూర్చుంటున్నాను."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆవిడ వంటింటి వైపు తిరిగి ఆ అమ్మాయిని పిలవబోయి, మళ్లీ నా వైపు చూసింది.

"ఇంతకుముందు పనిచేసినామెకు ఎండంటే ఎంత ఇష్టమో. ఎప్పుడూ వీపు తిప్పుకుని కూర్చునేది. అప్పుడు నాకు తోచలేదు. నీకు తోచింది కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదూ?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

"భయపడ్డాను మామా."

"ఎవరికి?"

"మీకు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది, నేను హాస్యమాడుతున్నానేమోనని. తర్వాత తన మోకాళ్ల వైపు, చేతికర్ర వైపు చూసుకుంది. "నాకా!" అంది.

ఆమె చనిపోయిందని అప్పుడు చెప్పాను. మామా కళ్లు మూసుకుని, పోయినవాళ్ల కోసం చదివేది చదివింది. ఆ తర్వాత ఆవిడే గొంతు సవరించుకుని వంటింటి వైపు కేక వేసింది.

మాటిచ్చినట్టే గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. లోపల కుర్చీ ఇంకొకటి ఈడ్చిన చప్పుడైంది. ఆ పిల్ల ఏదో అంది, మామా ఏదో అంది. ఎండ గోడ దిగి పోయేదాకా నేను బయటే నిలబడి ఉన్నాను.